డాలరుకు తరుగెంత?

ఫీజు సున్నా అని బోర్డు పెడతారు, రేటులో లాగేస్తారు. పిల్లల చదువు కోసం విదేశాలకు డబ్బు పంపే తెలుగిళ్లు బంగారం కొట్లో చూపే జాగ్రత్తలో సగం ఇక్కడ చూపినా మిగిలేది వందలు కాదు, వేలు.

ఆగస్టు నెల. హన్మకొండలో రాత్రి పదిన్నర, టెక్సస్‌లో మిట్టమధ్యాహ్నం. ఫోన్ మోగింది.

"డాడీ, ఫీజు ఇంకా ముప్ఫై డాలర్లు బాకీ ఉందంటున్నారు. అది కడితేనే హోల్డ్ తీస్తారంట."

"మొత్తం కట్టిన గద బిడ్డా! పదివేల డాలర్లని రసీదు గూడ ఉంది నా దగ్గర."

"ఇక్కడ పడింది తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బయ్యే డాడీ."

తెల్లారి ఆ తండ్రి బ్యాంకుకు పోయి అడిగాడు. "మధ్యలో ఏదో బ్యాంకు కట్ చేసుకుని ఉంటది సార్, అది మా చేతుల్ల లేదు" అన్నారు కౌంటర్‌లో. ఆయనకు పేరు పెట్టాల్సిన పనిలేదు. ఏటా ఆగస్టులో ఓసారి, జనవరిలో మరోసారి, హన్మకొండ నుంచి గుంటూరు దాకా ఎన్నో ఇళ్లలో ఇదే ఫోన్ మోగుతుంది.

ఇందులో తమాషా ఒకటుంది. ముప్ఫై డాలర్లు కంటికి కనబడ్డాయి కాబట్టి ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టలేదు. అదే రోజు అదే డబ్బులోంచి రేటు పేరుతో పోయిన పది పన్నెండు వేల రూపాయల ఊసు ఎవరూ ఎత్తలేదు. అది రసీదులో ఎక్కడా లేదు మరి.

ఇదే కుటుంబం బంగారం కొనడానికి వెళ్తే కథ వేరుగా ఉంటుంది. "మజూరీ లేదమ్మా, ఈ నెలంతా ఫ్రీ" అని సేల్స్‌మన్ అనగానే ఆ ఇంటి ఇల్లాలు అడిగే మొదటి ప్రశ్న "తరుగెంత వేస్తావు?" అనే. మజూరీ మానేసినవాడు తరుగులో రాబట్టుకుంటాడని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. నాలుగు కొట్లు తిరిగిన అనుభవం చెప్పింది. డాలరు కూడా కొనే సరుకే. దానికీ మజూరీ ఉంది, తరుగూ ఉంది. మనం మజూరీ ఒక్కటే అడిగి వచ్చేస్తున్నాం.

కదిలేది డబ్బు కాదు, కబురు

హన్మకొండలో కట్టిన రూపాయలు విమానమెక్కి అమెరికా పోవు. ఆ మాటకొస్తే పాతకాలంలోనూ ప్రతిసారీ సొమ్మే మోసుకుపోవాల్సిన పని ఉండేది కాదు. మన వర్తకుల హుండీ చేసిన పని ఇదే. ఈ ఊళ్లో సొమ్ము తీసుకుని షావుకారు ఒక చీటీ రాసిచ్చేవాడు, ఆ ఊళ్లో అతని మనిషి ఆ చీటీ చూసి చెల్లించేవాడు. నాణేల మూట మోసుకుంటూ దొంగల దారిన పోయే బాధ తప్పేది. అమెరికాలో 1871లో వెస్టర్న్ యూనియన్ తంతి మీద డబ్బు పంపడం మొదలుపెట్టినప్పుడు కూడా తీగ వెంబడి నడిచింది కబురే.

ఇప్పుడా కబురును మోసేది స్విఫ్ట్. 1973లో బెల్జియంలో పలు దేశాల బ్యాంకులు కలిసి పెట్టుకున్న సహకార సంస్థ ఇది. ఇది డబ్బు పంపదు. 'ఫలానా ఖాతాలో ఇంత తగ్గించి, ఫలానా ఖాతాలో ఇంత వేయండి' అన్న సందేశం పంపుతుంది. మన బ్యాంకుకు న్యూయార్క్‌లో ఏదో ఒక పెద్ద బ్యాంకులో డాలర్ల ఖాతా ఉంటుంది. బ్యాంకు భాషలో దాన్ని నోస్ట్రో అంటారు. అందులోంచి డాలర్లు తీసి యూనివర్సిటీ ఖాతాలో వేస్తారు. రెండు బ్యాంకులకూ నేరుగా లెక్కలు లేకపోతే మధ్యలో మూడోది వస్తుంది. హన్మకొండ తండ్రి పంపిన డబ్బులో ముప్ఫై డాలర్లు ఉంచుకున్నది అదే. దాన్ని కరస్పాండెంట్ బ్యాంకు అంటారు. టోల్‌గేటు లాంటిదన్నమాట.

ఈ సంగతి తెలిసిన ఇద్దరు ఎస్టోనియా కుర్రాళ్లు 2011లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. టావెట్ హిన్రికస్‌కు జీతం యూరోల్లో వచ్చేది, ఖర్చులు లండన్‌లో పౌండ్లలో ఉండేవి. క్రిస్టో కార్మన్‌కు జీతం పౌండ్లలో, స్వదేశంలో ఇంటి అప్పు వాయిదాలు యూరోల్లో. ఇద్దరూ నెలనెలా బ్యాంకుకు తరుగు ఇచ్చుకునే బదులు, ఆ రోజు అసలు రేటు చూసుకుని ఒకరి ఖాతాలో ఒకరు వేసుకున్నారు. పౌండు లండన్ దాటలేదు, యూరో ఎస్టోనియా దాటలేదు. ఆ ఉపాయమే ట్రాన్స్‌ఫర్‌వైజ్ అయింది. 2021లో వైజ్ అని పేరు మార్చుకుని లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కింది. కొత్త యాప్ లోపల ఉన్నది పాత హుండీ బుర్రే.

ఇక్కడే ఒక ప్రశ్న పుడుతుంది. నగ చేసేటప్పుడు ఆకురాయి కింద బంగారం రజను నిజంగానే రాలుతుంది, అందుకే తరుగన్న మాట పుట్టింది. రెండు ఖాతాల్లో అంకెలు మార్చేటప్పుడు రాలే రజను ఏమిటి? ఖర్చు లేదనలేం. డాలర్లు కొని ఉంచుకోవాలి, రేటు తారుమారైతే భరించాలి, పత్రాలు తనిఖీ చేయాలి, జీతాలివ్వాలి. అయితే వెయ్యి డాలర్లు పంపడానికి పట్టే శ్రమకు పదివేలు పంపడానికి పదింతల శ్రమ పట్టదు. తరుగు మాత్రం శాతం లెక్కన పదింతలు పోతుంది. బేరమాడాల్సింది దీని మీదే.

నాలుగు కోతలు

మొదటిది, అన్నిటికన్నా పెద్దది రేటు. టీవీలో, గూగుల్‌లో కనిపించే డాలరు ధర బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే ధర. దాని మీద కొంత కలిపి మనకు అమ్ముతారు. బ్రాంచి బోర్డు మీద 'టీటీ సెల్లింగ్' అన్న గడిలో ఉండేది మనకు వర్తించే ధర. సెల్లింగ్ అంటే అమ్మేది బ్యాంకు, కొనేది మనం. పక్కనే నోట్ల రూపంలో కొనేవాళ్లకు 'కరెన్సీ సెల్లింగ్' అని ఇంకాస్త ఎక్కువ ధర ఉంటుంది. గూగుల్ ధరకూ మనకు చెప్పిన ధరకూ మధ్య ఉన్న తేడాయే తరుగు.

రెండోది రుసుము. ఐదొందలో, వెయ్యో ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. పెద్ద అక్షరాలతో రాసి, పండగలకు మాఫీ చేసేది దీన్నే.

మూడోది మధ్య బ్యాంకు టోలు. పంపే ఫారంలో ఛార్జీలెవరివని ఒక గడి ఉంటుంది. 'షా' అని పెడితే దారి ఖర్చులు పంపిన సొమ్ములోంచే పోతాయి, అక్కడ తక్కువ పడుతుంది. 'అవర్' అని పెడితే ఆ ఖర్చు ఇక్కడే కట్టాలి, చాలామటుకు మొత్తం సొమ్ము అక్కడికి చేరుతుంది. ఫీజు కట్టేటప్పుడు అవర్ అడగాలి. ముప్ఫై డాలర్ల బాకీ కోసం ఇంకోసారి పంపితే రుసుము మళ్లీ మొదటినుంచీ పడుతుంది.

నాలుగోది కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ. లక్ష రూపాయలకు 180, పది లక్షలకు 990 అవుతుంది. ఎంత పెద్ద మొత్తమైనా 10,800 దాటదు. అందరి దగ్గరా ఇంచుమించు ఇంతే కాబట్టి దీని మీద బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఒకే ఒక్క ప్రశ్న

లెక్క సులువు కోసం ఆ పూట అసలు రేటు 90 రూపాయలనుకుందాం. పదివేల డాలర్లు పంపాలి.

మొదటి చోట 'రుసుము లేదు, రేటు 91.80' అన్నారు. కట్టాల్సింది 9,18,000.

రెండో చోట 'రుసుము వెయ్యి, రేటు 90.60' అన్నారు. 9,06,000కు వెయ్యి, దాని మీద జీఎస్టీ 180 కలిపితే 9,07,180.

రుసుము మాఫీ చేసినవాడి దగ్గర 10,820 రూపాయలు ఎక్కువ పోయాయి. అంటే 120 డాలర్లు, అక్కడ పిల్ల రెండు వారాల కిరాణా ఖర్చు. రెండేళ్ల ఎంఎస్‌లో నాలుగు సెమిస్టర్లకు ఇలా లెక్కేస్తే నలభై మూడు వేలు. ఎవరూ దొంగతనం చేయలేదు. మనమే అడగలేదు.

రేటు విడిగా, రుసుము విడిగా, టోలు విడిగా అడిగితే ఎవరికైనా తల తిరుగుతుంది. తిప్పడానికే అలా విడగొట్టారని కూడా అనుకోవచ్చు. కాబట్టి అడగాల్సింది ఒకటే: "అక్కడ ఖాతాలో సరిగ్గా పదివేల డాలర్లు పడాలి. నా ఖాతాలోంచి అన్నీ కలిపి ఎన్ని రూపాయలు పోతాయి?" ఈ ప్రశ్నను ఒకే పూట, అరగంట వ్యవధిలో మూడు చోట్ల అడగాలి. పొద్దున చెప్పిన రేటును సాయంత్రం రేటుతో పోల్చితే నిన్నటి టమాటా ధరతో ఇవాళ బేరమాడినట్టే. శని, ఆదివారాల్లో పంపకపోవడం మంచిది. మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి సోమవారం రేటు ఎటు పోతుందోనన్న భయానికి కాస్త పెంచి చెబుతారు.

ఎవరి దుకాణం ఎలాంటిది

ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచి నమ్మకానికి పెట్టింది పేరు. బోర్డు రేటు మాత్రం అక్కడ ఎక్కువగానే ఉండవచ్చు. చాలామందికి తెలియనిదేమంటే బోర్డు రేటు దేవుడి వాక్కు కాదు. పెద్ద మొత్తమైతే బ్రాంచి మేనేజర్ ముంబయిలోని ట్రెజరీకి ఫోన్ చేసి తగ్గించిన రేటు తెప్పించగలడు. "స్పెషల్ రేటు ఇప్పించండి సార్" అని అడిగినవాళ్లకే అది వస్తుంది. వరుసగా నాలుగైదేళ్లు పంపబోతున్నామని చెబితే ఇంకా మంచిది.

రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్లు, వాళ్ల ఆన్‌లైన్ వేదికలు చాలాసార్లు బ్రాంచి కన్నా తక్కువ రేటు చెబుతాయి, కాసేపటికి దాన్ని ఖాయం చేస్తాయి కూడా. ఆ గడువులోపు మన డబ్బు చేరకపోతే ఖాయం చేసిన రేటు చెల్లదు, అది చూసుకోవాలి.

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే 'ఫీజు రూపాయల్లో కట్టండి' అని కనిపించేవి ఫ్లైవైర్, కన్వెరా వంటి సంస్థలు. ఫ్లైవైర్ పుట్టిందే ఒక విద్యార్థి తిప్పల్లోంచి. స్పెయిన్ నుంచి ఎంఐటీకి వచ్చిన ఇకెర్ మార్కైడే తన ఫీజు సకాలంలో సరిగ్గా చేరక అవస్థ పడి, 2009లో పీర్‌ట్రాన్స్‌ఫర్ పేరుతో దీన్ని మొదలుపెట్టాడు. వీటితో మధ్య బ్యాంకు టోలు బెడద ఉండదు, ఎవరి ఫీజో గుర్తుపట్టలేదన్న గొడవా రాదు. రేటు మాత్రం విడిగా పోల్చుకోవాల్సిందే.

ఇక పెద్దగా ప్రచారం లేనిది ఎఫ్ఎక్స్-రిటైల్. బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధరకు దగ్గరగా సామాన్యులూ డాలర్లు కొనుక్కునేలా రిజర్వు బ్యాంకు చొరవతో క్లియరింగ్ కార్పొరేషన్ 2019 ఆగస్టులో తెచ్చిన వేదిక ఇది. మన బ్యాంకు ద్వారానే నమోదు కావాలి. బ్యాంకు తన సేవకు ఎంత తీసుకుంటుందో ముందే చెప్పాలి కాబట్టి తరుగు కళ్లెదుట కనిపిస్తుంది. బ్రాంచిలో ఈ పేరు చెప్పగానే "అదేంటి సార్?" అన్నా వెనక్కి తగ్గొద్దు.

టీసీఎస్: పోయే డబ్బు కాదు, ఆగే డబ్బు

మన దేశం నుంచి ఎవరైనా ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఎల్ఆర్ఎస్ అనే ఈ వెసులుబాటు 2004లో 25 వేల డాలర్లతో మొదలైంది. 2013లో రూపాయి కుదేలైనప్పుడు రెండు లక్షల నుంచి 75 వేలకు కోసేశారు. 2015లో ఇప్పుడున్న చోటికి చేరింది.

దీనికి తోడు పన్ను ముందస్తు వసూలు, అంటే టీసీఎస్ ఉంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షల రూపాయల దాకా ఏమీ పట్టుకోరు. బ్యాంకు నుంచి విద్యారుణం తీసుకుని పంపితే, ఎంతైనా సరే, అసలే లేదు. సొంత డబ్బుతో చదువుకు పంపితే 2025-26లో పది లక్షలు దాటిన భాగం మీద 5 శాతం, కుటుంబ పోషణ, బహుమతి వంటి ఇతర అవసరాలకైతే 20 శాతం. బడ్జెట్ బడ్జెట్‌కూ ఈ అంకెలు కదులుతున్నాయి కాబట్టి పంపే నాటి రేటు చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది, డబ్బు ఎందుకు పంపుతున్నామో ఫారంలో చూపే పర్పస్ కోడ్ దగ్గర. పిల్లవాడి హాస్టల్ అద్దెకూ తిండికీ పంపుతూ 'కుటుంబ పోషణ' అని రాసేస్తారు. చదువు నిమిత్తం అయ్యే రోజువారీ ఖర్చులూ చదువు కిందికే వస్తాయని 2023లోనే ఆదాయపన్ను శాఖ స్పష్టం చేసింది. ఒక్క గడి తప్పు నింపితే చదువుకు వర్తించే తక్కువ శాతం కాస్తా 20 అవుతుంది. అమ్మానాన్నలిద్దరికీ సొంత ఆదాయం ఉంటే పది లక్షల పరిమితి ఎవరి పాన్ మీద వాళ్లకే. ఇద్దరూ చెరి సగం పంపడం చట్టం అనుమతించేదే.

పట్టుకున్న టీసీఎస్ ఎక్కడికీ పోదు. మన పాన్ ఖాతాలో జమై ఉంటుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, మిగిలితే వెనక్కి వస్తుంది. జీతగాళ్లయితే కంపెనీకి చెప్పి నెలనెలా కోసే పన్నులోనే సర్దుబాటు చేయించుకోవచ్చు. అందుకే సేవల ధరలు పోల్చేటప్పుడు దీన్ని పక్కన పెట్టాలి. అన్ని చోట్లా ఒకటే ఉండే దాన్ని చూపి ఒకడిది ఖరీదని, మరొకడిది చౌకని అనుకోకూడదు.

వాట్సాప్ హుండీ

అన్నిటికన్నా చౌక దారి ఒకటి అమెరికాలోని మన విద్యార్థుల గ్రూపుల్లో రోజూ తిరుగుతుంటుంది. "నా దగ్గర రెండువేల డాలర్లున్నాయి. మీ డాడీని మా ఇంటి ఖాతాలో రూపాయలు వేయమను. గూగుల్ రేటే." తరుగు లేదు, రుసుము లేదు, పది నిమిషాల్లో పని పూర్తి.

ఎస్టోనియా మిత్రులు చేసిందీ ఇదే కదా అనిపిస్తుంది. ఉపాయం అదే, చట్టం వేరు. మన దేశంలో విదేశీ మారకం అనుమతి ఉన్న సంస్థల ద్వారానే నడవాలి. ఈ పక్క రూపాయలిచ్చి ఆ పక్క డాలర్లు పుచ్చుకునే చాటు లెక్క ఫెమా చట్టం కింద ఉల్లంఘనే, జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా ఉండవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లిచ్చే ఆ డాలర్లు ఎక్కడివో మనకు తెలియదు. సైబర్ మోసగాళ్లు కొట్టేసిన సొమ్మైతే పోలీసులు ముందు స్తంభింపజేసేది మన ఖాతానే. పదివేలు మిగుల్చుకోబోయి, వీసా మీద ఉన్న పిల్లను చిక్కుల్లో పెట్టుకున్నట్టవుతుంది.

ఎదురు దారి

తెలుగునేల నుంచి బయటికి పోయే డబ్బు ఒక కథ, వచ్చే డబ్బు అంతకన్నా పాత కథ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఈ తరుగు విద్యలో మనకన్నా ఆరితేరారు. 2023-24 మీద రిజర్వు బ్యాంకు చేసిన సర్వే ప్రకారం దేశానికి ప్రవాసులు పంపే డబ్బులో తెలంగాణకు 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం చేరుతోంది. పంపే దేశాల్లో అమెరికా వాటా 27.7, యూఏఈది 19.2 శాతం.

దుబాయ్‌లో దిర్హామ్‌ను డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. డాలరు ముందు రూపాయి పడిన ప్రతిసారీ దిర్హామ్ ముందూ పడుతుంది. అందుకే ఇక్కడ రూపాయి పడిందని మనం దిగులుపడే రోజున అక్కడ ఎక్స్ఛేంజి కౌంటర్ల ముందు వరుసలు పెరుగుతాయి. వాళ్లు పాటించే ఇంకో సూత్రం, విడతలు తగ్గించడం. రుసుము 15 దిర్హాములనుకుంటే, 500 పంపినప్పుడు 3 శాతం పోయినట్టు. 2,000 ఒకేసారి పంపితే ముప్పావు శాతమే. అమెరికాలో ఉన్నవాళ్లకు 2026 జనవరి 1 నుంచి కొత్త చిక్కు వచ్చింది. నగదు, మనీ ఆర్డరు వంటివి ఇచ్చి విదేశాలకు పంపితే ఒక శాతం పన్ను. బ్యాంకు ఖాతా నుంచో, అమెరికా డెబిట్ కార్డుతోనో పంపితే ఆ పన్ను లేదు.

ప్రవాసులు ఇళ్లకు పంపే డబ్బు మీద పడే ఈ ఖర్చును 2030కల్లా 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో సగటు ఇప్పటికీ 6 శాతం పైనే ఉంది. నూరు రూపాయల చెమటలో ఆరు రూపాయలు దారిలోనే ఆవిరవుతున్నాయన్నమాట.

పంపే ముందు

• ఆ పూట గూగుల్ రేటు చూసి కాగితం మీద రాసుకోండి.
• మూడు చోట్ల ఒకే ప్రశ్న: అక్కడ ఇంత పడాలంటే ఇక్కడ మొత్తం ఎంత?
• ఛార్జీల గడిలో 'అవర్' పెట్టమనండి.
• పర్పస్ కోడ్ ఏది వేశారో సంతకానికి ముందు చదవండి.
• కొత్త సంస్థ అయితే రిజర్వు బ్యాంకు అనుమతి ఉందో లేదో చూడండి. మొదటిసారి చిన్న మొత్తం పంపి చూడండి.
• ఆఖరి తేదీకి వారం ముందే పంపండి. తొందరలో ఉన్నవాడికి ఎవరూ రేటు తగ్గించరు.
• స్విఫ్ట్ సందేశం కాపీ అడిగి తీసుకోండి. డబ్బు ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది.

జనవరి వచ్చింది. హన్మకొండ బ్యాంకు కౌంటర్‌లో అదే కుర్చీ, అదే తండ్రి. ఈసారి పక్కన భార్య కూడా ఉంది. "ఈ నెల సర్వీస్ ఛార్జీ లేదు సార్, ఆఫర్" అన్నారు అవతలి నుంచి.

ఆయన ఫారం అందుకోబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"అది సరే సార్. తరుగెంత ఏస్తరు?"